గోదావరి డెల్టాలో కాగితపు డబ్బు

గోదావరి డెల్టాలో కాగితపు డబ్బు మూడు దారుల్లో చలామణిలోకి వచ్చింది. బ్యాంక్ ఆఫ్ మద్రాస్ వంటి ప్రెసిడెన్సీ బ్యాంకులు 1862 దాకా జారీ చేసిన సొంత నోట్లు మొదటివి. ఆ తర్వాత బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం విశాఖపట్నం, కాకినాడ వంటి ఊళ్ల పేర్లు వేసి విడుదల చేసిన సర్కిల్ నోట్లు రెండోవి. డెల్టా అంచున ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాంకు వర్తించిన ఇండోచైనా బ్యాంకు నోట్లు మూడోవి. తూర్పు డెల్టాలోని రామచంద్రపురానికి కాకినాడ సుమారు 30 కిలోమీటర్లు. ద్రాక్షారామం మీదుగా వెళ్తే యానాం అంతకన్నా దగ్గర. అంటే ఒకే సంతలో రెండు ఏలుబడుల కాగితాలు ఎదురుపడగల ప్రాంతమిది.

1862 మార్చి 1 నుంచి బ్రిటిష్ ఇండియాలో ఏ బ్యాంకుకూ సొంత నోట్లు వేసే హక్కు లేకుండా పోయింది. అందుకే ఇక్కడి పట్టణ బ్యాంకులు వాటాధనం, డిపాజిట్లు, హుండీల మీద ఆధారపడి పెరిగాయి. నోట్ల కథంతా ఒక ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది: ఈ కాగితం తీసుకుని వెండి రూపాయలు లెక్కపెట్టి ఇచ్చే గల్లా ఎంత దూరంలో ఉంది?

నోట్లకు ముందు

పందొమ్మిదో శతాబ్దం మొదటి రోజుల్లో మద్రాసు ప్రెసిడెన్సీలో పెద్ద లెక్కలు వరహాల్లో, చిన్న లెక్కలు రూకల్లో, డబ్బుల్లో, కాసుల్లో సాగేవి. 1818లో వరహా స్థానంలో రూపాయిని ప్రామాణిక నాణెంగా తెచ్చి, వరహాకు మూడున్నర రూపాయల మారకం నిర్ణయించారు. 1835లో ఈస్టిండియా కంపెనీ తన ఏలుబడి అంతటికీ ఒకే రూపాయిని ప్రవేశపెట్టింది. దాని బరువు 180 గ్రెయిన్లు, అంటే ఒక తులం. అందులో పన్నెండు పాళ్లకు పదకొండు పాళ్లు వెండి.

ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన ఆనకట్ట పని 1852లో పూర్తయింది. కాలువల కింద వరి విస్తరించింది. ఆ కాలువల మీదే పడవలూ నడిచాయి. 1860లలో అమెరికా అంతర్యుద్ధం వల్ల అక్కడి పత్తి ఆగిపోయి, ఇంగ్లండు మిల్లులు ఇండియా పత్తి కోసం ఎగబడ్డప్పుడు కాకినాడ రేవు వ్యాపారం ఒక్కసారిగా పెరిగింది. సరుకు వెళ్లే దారిలోనే ఎదురుగా సొమ్ము రావాలి. ఆ సొమ్మంతా వెండి.

వెండిని మోయడమే అసలు చిక్కు. మద్రాసు తూకంలో వీశెకు 120 తులాలు, మణుగుకు 8 వీశెలు. రూపాయి తులం బరువు కాబట్టి వెయ్యి రూపాయలంటే మణుగు మీద మూడోవంతు వీశె. నేటి లెక్కలో 11.66 కిలోలు. మాసూళ్ల రోజుల్లో పదివేల రూపాయల ధాన్యం కొనడానికి బయల్దేరిన వర్తకుడు పది మణుగులకు పైబడిన వెండిని పడవలోనో ఎడ్లబండిలోనో వేసుకుని, కాపలా మనుషులను వెంటబెట్టుకుని వెళ్లాలి. రూపాయలను ఒక్కొక్కటిగా మోగించి చూసి, లెక్కపెట్టి తీసుకోవడానికి పట్టే పొద్దు వేరే.

ఈ ఇబ్బందికి దేశీయ వర్తకులు ఏనాడో కనిపెట్టిన ఉపాయం హుండీ. ఒక ఊరి షావుకారు మరో ఊళ్లోని తన గుమాస్తాకో, పరిచయస్తుడైన వ్యాపారికో ఫలానా సొమ్ము ఇవ్వమని రాసిచ్చే కాగితం అది. చూపగానే చెల్లించాల్సినది దర్శనీ హుండీ, గడువు మీద చెల్లించాల్సినది ముద్దతీ హుండీ. అయితే హుండీకి పరపతి ఉన్న ఇంటి పేరు కావాలి. ఆ ఇంటిని ఎరగని రైతుకు ధాన్యం బాకీ కింద హుండీ ఇస్తే తీసుకోడు.

బ్యాంకులు సొంత నోట్లు వేసిన కాలం

ఇండియాలో బ్యాంకు నోట్లు మొదట కలకత్తాలో కనిపించాయి. 1770లో అలెగ్జాండర్ కంపెనీ అనే వ్యాపార సంస్థ నెలకొల్పిన బ్యాంక్ ఆఫ్ హిందుస్థాన్ వాటిని వేసింది. 1832లో ఆ కంపెనీ దివాలా తీయడంతో బ్యాంకు కూడా మూతపడింది. ఇలాంటి నోటు ఆ బ్యాంకు మోసే అప్పు. బ్యాంకు నిలబడ్డంత కాలమే దానికి విలువ.

మద్రాసులో కర్నాటిక్ బ్యాంకు (1788), మద్రాసు బ్యాంకు (1795), ఏషియాటిక్ బ్యాంకు (1804) అనే సంస్థలు వరసగా వచ్చాయి. 1843లో 30 లక్షల రూపాయల మూలధనంతో ప్రెసిడెన్సీ బ్యాంకుగా బ్యాంక్ ఆఫ్ మద్రాస్ ఏర్పడింది. కలకత్తాలోని బ్యాంక్ ఆఫ్ బెంగాల్, బొంబాయిలోని బ్యాంక్ ఆఫ్ బాంబేల మాదిరిగా దీనికీ ప్రభుత్వం నోట్లు జారీ చేసే హక్కు ఇచ్చింది. దాని పరిమితి కోటి రూపాయలు.

హక్కు ఉన్నా నోట్లు దూరం పోలేదు. అడగ్గానే వెండి ఇచ్చే చోటు ప్రెసిడెన్సీ నగరమే కాబట్టి ఆ నోట్లు ప్రధానంగా ఆ నగరాల వర్తకుల మధ్యనే తిరిగాయి. డెల్టా రైతు బ్యాంక్ ఆఫ్ మద్రాస్ నోటు తీసుకుంటే దాన్ని సొమ్ము చేసుకోవడానికి మద్రాసు ప్రయాణం కట్టాలి, లేదా ఆ పని మీదే ఉన్న వర్తకుడికి బట్టా వదులుకుని అమ్మాలి. తర్వాతి కాలంలో బ్యాంక్ ఆఫ్ మద్రాస్ కాకినాడ, మచిలీపట్నం, గుంటూరుల్లో శాఖలు తెరిచింది. అప్పటికి నోట్ల హక్కు ప్రభుత్వం చేతుల్లోకి వెళ్లిపోయింది.

1861 కాగితపు కరెన్సీ చట్టం

1857 తిరుగుబాటు తర్వాత ఇండియా ప్రభుత్వ ఆర్థిక పరిస్థితిని చక్కదిద్దడానికి లండన్ నుంచి వచ్చిన జేమ్స్ విల్సన్ ప్రభుత్వ నోట్ల పథకాన్ని రూపొందించాడు. 1860 ఆగస్టులో ఆయన కలకత్తాలో మరణించగా, తర్వాత ఆర్థిక సభ్యుడిగా వచ్చిన శామ్యూల్ లెయింగ్ కాలంలో అది చట్టమైంది. ప్రెసిడెన్సీ బ్యాంకులు నోట్లు వేయడం ఆపేశాయి. కొన్నేళ్లపాటు ప్రభుత్వ నోట్లకు ఏజెంట్లుగా పనిచేసి, ఆ బాధ్యత నుంచి కూడా తప్పుకున్నాయి.

చట్టం ప్రకారం నాలుగు కోట్ల రూపాయల నోట్ల వరకే ప్రభుత్వ రుణపత్రాలను హామీగా చూపవచ్చు. ఆ పైన వేసే ప్రతి నోటుకూ అంత విలువైన నాణెం గానీ లోహం గానీ నిల్వ ఉండాలి. నోట్ల వాడకం పెరిగిన కొద్దీ ఈ నాలుగు కోట్ల పరిమితిని విడతలవారీగా పెంచుతూ 1911 నాటికి 14 కోట్లకు తెచ్చారు. మొదట్లో పది రూపాయలే అతి చిన్న నోటు. జనం కోరిక మేరకు 1871లో ఐదు రూపాయల నోటు వచ్చింది.

సర్కిల్ పద్ధతి, కాకినాడ నోటు

ఈ నోట్లు దేశమంతటా ఒకేలా చెల్లేవి కావు. దేశాన్ని జారీ సర్కిళ్లుగా విడగొట్టారు. ఏ సర్కిల్ నోటు ఆ సర్కిల్‌లోనే చట్టబద్ధ ద్రవ్యం. కలకత్తా, బొంబాయి, మద్రాసు మొదటి ప్రధాన సర్కిళ్లు. తర్వాత అలహాబాదు, లాహోరు, కరాచీ, నాగపూరు, కాన్పూరు, రంగూను వంటివి వచ్చాయి. దక్షిణాదిన మద్రాసుతో పాటు తిరుచిరాపల్లి, కాలికట్, విశాఖపట్నం, కాకినాడ పేర్లు నోట్ల మీద కనిపిస్తాయి. తెలుగు తీరంలో నోటు మీదికెక్కిన ఊళ్లు విశాఖపట్నం, కాకినాడలే. ఆనాటి ఇంగ్లీషు వాడుక ప్రకారం నోటు మీద కాకినాడ ‘కోకనాడ’ అని ఉంటుంది.

కాకినాడ పేరున్న నోటు చేతిలో ఉంటే కాకినాడ కార్యాలయంలో దానికి రూపాయలు ఇవ్వక తప్పదు. ప్రెసిడెన్సీ రాజధాని కాబట్టి మద్రాసులోనూ ఇవ్వాలి. అదే నోటును కలకత్తాలో ఎవరికైనా ఇవ్వబోతే వద్దనే హక్కు వాళ్లకుంది. ఇందులో రెండు మినహాయింపులున్నాయి. ప్రభుత్వానికి కట్టాల్సిన బాకీల కింద ఏ సర్కిల్ నోటునైనా తీసుకునేవారు. రైలు కంపెనీలు టికెట్ల కింద, సరుకు కిరాయి కింద పుచ్చుకున్న ఇతర సర్కిళ్ల నోట్లకు ప్రభుత్వం నుంచి పైకం రాబట్టుకునేవి. అంటే దూరపు సర్కిల్ నోటు ఎవరికైనా అంటగట్టలేకపోయినా శిస్తు కట్టడానికి పనికొచ్చేది.

ఇంత తిరకాసు పెట్టడానికి కారణం పంటల కాలం. దేశమంతటా ఒకే నోటు చెల్లితే కలకత్తాలో వెండి ఇచ్చి నోట్లు కొన్న వ్యాపారి, కోతలయ్యాక కాకినాడ వచ్చి వాటికి వెండి అడుగుతాడు. డెల్టా ధాన్యం, గుంటూరు పత్తి, బెంగాలు జనుము అన్నింటికీ తలా ఒక సీజను. సీజను ఉన్న చోటికల్లా ప్రభుత్వం తన ఖర్చుతో వెండి మోసుకుపోవాల్సి వస్తుంది. వ్యాపారికి సొమ్ము బదిలీ ఉచితంగా జరిగిపోతుంది. ఆ ఖర్చు తప్పించుకోవడానికే సర్కిళ్ల గోడ. దాని ఫలితంగా నోటు ఎదగాల్సినంత ఎదగలేదని 1913లో అచ్చయిన తన తొలి పుస్తకంలో బ్రిటిష్ ఆర్థికవేత్త జాన్ మేనార్డ్ కీన్స్ ఈ పద్ధతిని వివరంగా విమర్శించాడు.

నోటు రూపం

తొలి శ్రేణి నోట్ల మీద విక్టోరియా రాణి బొమ్మ ఉండేది. అచ్చు ఒకవైపే; వెనకవైపు ఖాళీ. ఇంగ్లండులోని లేవర్‌స్టాక్ మిల్లులో చేత్తో పోసిన కాగితం వాడేవారు. వెలుతురుకు ఎత్తి చూస్తే నీటిగుర్తులో అలల గీతలు, అక్షరాలు కనబడతాయి. నోటు విలువను రెండు భాషల్లో రాసేవారు.

దొంగ నోట్లు పెరగడంతో ఈ శ్రేణిని ఉపసంహరించి, 1867 నుంచి రంగు అడుగచ్చు ఉన్న కొత్త శ్రేణి తెచ్చారు. రాణి బొమ్మ తీసేసి, అడుగచ్చును ఆకుపచ్చ రంగులో వేశారు. భాషలు నాలుగయ్యాయి, సర్కిల్‌ను బట్టి ఆ నాలుగూ మారేవి. తర్వాత వచ్చిన ఎరుపు శ్రేణిలో ఎనిమిది భాషలు చేరాయి. ఒకవైపే అచ్చయ్యే ఈ తరహా నోట్లు పెద్ద మార్పు లేకుండా 1923లో అయిదో జార్జి బొమ్మతో కొత్త నోట్లు వచ్చేదాకా నడిచాయి.

సగం నోట్ల బదిలీ

ఆ కాలపు నోట్లలో చాలావాటికి నడిమధ్యన నిలువుగా కోసి, తిరిగి అతికించిన గుర్తు ఉంటుంది. అది చిరుగు కాదు, తపాలాలో సొమ్ము పంపే పద్ధతి. కాకినాడ వర్తకుడు మద్రాసుకు వంద రూపాయలు పంపాలనుకుంటే నోటును రెండుగా కోసి, ఒక సగాన్ని కవరులో పెట్టి పంపేవాడు. అది అందిందని జాబు వచ్చాక రెండో సగాన్ని తపాలాలో వేసేవాడు. దారిలో ఒక సగాన్ని ఎవరు కాజేసినా వాళ్లకు దానితో పని జరగదు. నోటు సంఖ్యను ఎడమవైపూ కుడివైపూ అచ్చువేసేవారు కాబట్టి రెండు సగాలూ ఒకే నోటువని అవతలివాళ్లు సరిచూసుకుని అతికించుకునేవారు. ఇలా సొమ్ము చేరడానికి మూడు ఉత్తరాల కాలం పట్టినా, కాపలాతో వెండి మూటలు పంపడం కన్నా ఇది ఎంతో చవక.

సర్కిళ్ల అంతం

1903లో ఐదు రూపాయల నోటును బర్మా మినహా దేశమంతటా చెల్లేలా చేశారు. 1909లో బర్మాకూ వర్తింపజేశారు. 1910లో పది, యాభై రూపాయల నోట్లు, 1911లో వంద రూపాయల నోటు ఆ జాబితాలో చేరాయి. ఊరూరి పేర్లతో ఉన్న ఉపసర్కిళ్లు పోయి ఏడు ప్రధాన సర్కిళ్లు మిగిలాయి. డెల్టా అంతా మద్రాసు సర్కిల్ కిందికే వచ్చింది. నోటు మీద కాకినాడ పేరు అక్కడితో ఆగింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో వెండికి కరువొచ్చింది. 1917 నవంబరు 30న ఒక రూపాయి నోటు, 1918 జనవరిలో రెండున్నర రూపాయల నోటు విడుదలయ్యాయి. అప్పటిదాకా నోటు మొహం చూడని కూలీ, చిల్లర దుకాణదారు కూడా కాగితాన్ని సొమ్ముగా పుచ్చుకోవాల్సి వచ్చింది. రెండు రూపాయల ఎనిమిది అణాల విలువైన ఆ రెండో నోటు ఏడు సర్కిళ్ల గుర్తు అక్షరాలతో వచ్చింది, మద్రాసుకు ‘ఎం’. 1926లో ఈ రెండు నోట్లనూ ఆపేశారు. రూపాయి నోటు రెండో ప్రపంచ యుద్ధ కాలంలో 1940లో మళ్లీ వచ్చింది. 1932 నాటికి అన్ని విలువల నోట్లూ నాసిక్ ముద్రణాలయంలోనే అచ్చవుతూ వచ్చాయి.

యానాం: బ్యాంకు పేరుతోనే నోటు

బ్రిటిష్ ఇండియాలో బ్యాంకు నోట్లు అంతరించాక కూడా డెల్టాను ఆనుకునే అవి కొనసాగిన చోటు యానాం. పుదుచ్చేరి, కారైకాల్, మాహె, చందర్‌నగర్‌లతో పాటు ఇది ఫ్రెంచి ఇండియాలో భాగం. 1875లో పారిస్ కేంద్రంగా ఏర్పడిన ఇండోచైనా బ్యాంకుకు ఫ్రెంచి ప్రభుత్వం కొచ్చిన్‌చైనాతో పాటు ఫ్రెంచి ఇండియాలోనూ నోట్లు జారీ చేసే ప్రత్యేక హక్కు ఇచ్చింది. ఫ్రాన్సులో ఫ్రాంకులున్నా ఇక్కడి నోట్లు రూపాయల్లోనే ఉండేవి. చుట్టూ ఉన్న బ్రిటిష్ జిల్లాలతో వ్యాపారం సాగాలంటే మరో మార్గం లేదు.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ బ్యాంకు కూడా ఒక రూపాయి నోట్లు విడుదల చేసింది. ఫ్రెంచి గవర్నరు డూప్లే బొమ్మతో రంగురంగులుగా వేసిన నోటు ఆ బ్యాంకు నోట్లలో పేరుపొందింది. ఇంజరం, నీలపల్లి వంటి ఇరుగు పొరుగు ఊళ్లు బ్రిటిష్ ఏలుబడిలో ఉండగా, యానాంలో ప్రభుత్వ ముద్ర లేని, ఒక ప్రైవేటు బ్యాంకు సంతకం ఉన్న నోటు చట్టబద్ధంగా చెల్లేది. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో యానాం ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. అదే ఏడాది నవంబరు 1న ఫ్రెంచి ఇండియా పాలన భారత ప్రభుత్వానికి అందింది. న్యాయపరమైన బదిలీ 1962 ఆగస్టు 16న పూర్తయింది.

నైజాం నోట్లు

తెలుగునేల మీద సొంత నోట్లున్న మరో ప్రాంతం హైదరాబాదు సంస్థానం. నోట్లు జారీ చేయగల బ్యాంకింగు కంపెనీ పెట్టించడానికి నిజాం ప్రభుత్వం స్థానిక సాహుకార్లతో చాలాసార్లు ప్రయత్నించింది. సంస్థానాలు కాగితపు డబ్బు వేయడాన్ని బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. యుద్ధకాలపు వెండి కొరత, యుద్ధానికి హైదరాబాదు చేసిన సాయం కలిసివచ్చి 1918లో హైదరాబాదు కరెన్సీ చట్టం వచ్చింది. మొదట పది, వంద రూపాయల నోట్లు, 1919లో ఒకటి, ఐదు రూపాయల నోట్లు, 1926లో వెయ్యి రూపాయల నోటు విడుదలయ్యాయి. ఉస్మానియా సిక్కాగా పిలిచిన ఈ ద్రవ్యపు నోట్ల మీద ఉర్దూ, ఇంగ్లీషుతో పాటు తెలుగు, కన్నడం, మరాఠీ ఉండేవి.

బ్రిటిష్ రూపాయలు వందకు 116 రూపాయల 10 అణాల 8 పైల సిక్కా మారకం, అంటే ఆరుకు ఏడు. కోస్తా నుంచి తెలంగాణకు పోయే వర్తకుడు తన ‘కల్దారు’ (బ్రిటిష్) రూపాయలను ‘హాలీ’కి (నైజాం సిక్కాకు) మార్చుకోవాలి. ఈ నోట్ల నిర్వహణను 1942లో హైదరాబాదు స్టేట్ బ్యాంకుకు అప్పగించారు. సంస్థానం విలీనమయ్యాక క్రమంగా సిక్కాను ఉపసంహరించారు.

నోట్లు లేని పట్టణ బ్యాంకులు

సొంత నోటు వేయగల బ్యాంకు ఆ మేరకు వడ్డీ లేని అప్పు సంపాదించుకున్నట్టే. ఆ అవకాశం మూసుకుపోవడంతో కోస్తా జిల్లాల్లో బ్యాంకు పెట్టాలనుకున్నవారు ముందు జనం దగ్గర వాటాలు, డిపాజిట్లు పోగుచేయాల్సి వచ్చింది. 1906 అక్టోబరులో మద్రాసులోని అర్బత్‌నాట్ కంపెనీ కూలిపోయి ఎందరో దాచుకున్న సొమ్ము పోయింది. ఆ దెబ్బ తర్వాతే వి. కృష్ణస్వామి అయ్యర్ ప్రభృతులు 1907లో ఇండియన్ బ్యాంకు స్థాపించారు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923 నవంబరులో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు మొదలుపెట్టినప్పుడు దాని చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. మచిలీపట్నానికే చెందిన భారత లక్ష్మీ బ్యాంకు 1964లో ఇందులో కలిసింది. 1980లో జాతీయమైన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది.

1904 సహకార పరపతి సంఘాల చట్టం మరో దారి చూపింది. సభ్యుల వాటాలతో, ఒకరికొకరు పూచీతో రైతులకు, చిరువ్యాపారులకు అప్పులిచ్చే సంఘాలు, పట్టణ బ్యాంకులు డెల్టాలో వెలిశాయి. రాజమహేంద్రవరంలోని జాంపేట, ఆర్యాపురం సహకార బ్యాంకులు ఈ కోవలోవే. మరోవైపు, ఒకప్పుడు నోట్లు వేసిన బ్యాంక్ ఆఫ్ మద్రాస్ 1921 జనవరిలో మిగతా రెండు ప్రెసిడెన్సీ బ్యాంకులతో కలిసి ఇంపీరియల్ బ్యాంకు అయింది. 1955 జులై 1న అదే స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాగా మారింది.

రిజర్వు బ్యాంకు కాలం

1935 ఏప్రిల్ 1న పని మొదలుపెట్టిన రిజర్వు బ్యాంకు, కరెన్సీ బాధ్యతను ప్రభుత్వం నుంచి తీసుకుంది. దాని తొలి నోటు ఆరో జార్జి బొమ్మతో 1938 జనవరిలో వచ్చిన ఐదు రూపాయల నోటు. నేటి నోటు వెనక ఉన్న భాషల పట్టీలో పదిహేను భాషలుంటే, ఇంగ్లీషు అక్షరక్రమంలో అమర్చినందువల్ల తెలుగుది పద్నాలుగో వరస. 2008 నుంచి 2013 దాకా నోట్ల మీది హామీ కింద సంతకం చేసిన గవర్నరు దువ్వూరి సుబ్బారావు ఏలూరులో పుట్టినవారు.

రిజర్వు బ్యాంకు చట్టం 31వ సెక్షను ప్రకారం, అడగ్గానే చేతిలో ఉన్నవారికి చెల్లిస్తామని ప్రామిసరీ నోటు రాసే హక్కు రిజర్వు బ్యాంకుకు, కేంద్ర ప్రభుత్వానికి తప్ప మరెవరికీ లేదు. 1861 చట్టం బ్యాంక్ ఆఫ్ మద్రాస్ నుంచి తీసుకున్న హక్కు ఇదే. సర్కిళ్లు పోయి, వెండి హామీ పోయి, ఏ ఊరి గల్లాలోనైనా ఒకే నోటు చెల్లుతున్నా, నోటు వేసే పనిని పట్టణ బ్యాంకులకు అందకుండా ఉంచిన ఆ నియమం మాత్రం మారలేదు.